ఇట్సెల్ చెప్పిన మాట

కాలిఫోర్నియా లోయలో ద్రాక్షతోటల అంచున ఇరవై రేకుల ఇళ్ళ వాడ. ఆగస్టు నెల, మధ్యాహ్నం రెండున్నర. జిల్లా ఆరోగ్యశాఖ నర్సు నెరెయిదాకి పొద్దుట్నించీ ఇది తొమ్మిదో గడప. వంటగది బల్లకి అవతల కూర్చున్నది ఆ ఇంటి పెద్దావిడ సెనోబియా, గౌరవంగా పిలిస్తే ‘డోన్యా’.

“...ఒక్కదాన్నే అని రాసుకోండి నర్సమ్మా. ఈ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే.”

“ఇందాక ఇద్దరన్నారు, డోన్యా సెనోబియా.”

“ఇందాకా? ఎప్పుడు?”

“నేను గుమ్మంలో ఉన్నప్పుడు. నేనూ మా అమ్మాయీ అన్నారు.”

“మా ఎల్వా తెల్లారి ఐదింటికి పళ్ళు పెట్టెల్లో సర్దే షెడ్డుకెళ్తే చీకటి పడ్డాక వస్తుంది. అది కూడా ఉండటమేనా?”

“పడుకునేది ఇక్కడేగా?”

“పడుకునేది ఇక్కడే.”

“అయితే ఇద్దరు.”

“రాసుకోండి, మీ ఇష్టం.”

“గుమ్మం దగ్గర ఆ గులాబీరంగు చెప్పులు ఎవరివి?”

“ఏ చెప్పులు?”

“చిన్నవి. పూసలు కుట్టినవి.”

“అవా... ఎల్వా కూతురివి. ఇట్సెల్. పదకొండేళ్ళు. బడికెళ్ళింది.”

“ముగ్గురు.”

“ముగ్గురు. ఇంక చాలు.”

“వాటి పక్కన ఆ పెద్ద బూట్లు?”

“అబ్బ! మీరు నర్సా, పోలీసా?”

“నర్సునే. భయపడకండి. ఇదిగో, ఫారం మీరే చూడండి. పేరుకి గడి లేదు. ఇంటి నంబరుకి గడి లేదు. ‘కుటుంబం తొమ్మిది’ అని పెడతాను, అంతే.”

“కుటుంబం తొమ్మిది. బావుంది. ద్రాక్షపెట్టె మీద అంకె వేసినట్టుంది.”

“మరి బూట్లు?”

“పాతవి. ఎవరో పారేస్తుంటే తెచ్చుకున్నా. కుక్కలు వస్తే గుమ్మంలో మగవాళ్ళ బూట్లుంటే మంచిదని.”

“కుక్కలకి ఆడబూట్లూ మగబూట్లూ తెలుస్తాయా?”

“మా వాడ కుక్కలకి తెలుస్తాయి. కానివ్వండి, తరవాతేంటి?”

“ ‘వారానికి ఎన్నిసార్లు వ్యాయామం చేస్తారు?’ ”

“అంటే?”

“నడక, పరుగు, ఈత. అలాంటివి.”

“ముప్ఫై ఏళ్ళు ద్రాక్ష కోశాను నర్సమ్మా. వంగి లేచి, వంగి లేచి. నా నడుం చూశారుగా, ఎలా ఉందో. అది ఏ గడిలో పడుతుంది?”

“దానికి గడి లేదు.”

“ఈతకి ఉందా?”

“ఉంది.”

“కాలవలో నీళ్ళు తోటలకే చాలక చస్తుంటే ఈతట! ఎవరు రాశారండీ ఇది?”

“ఆఫీసులో ఒక కమిటీ ఉంది. మన మనుషులకి తగ్గట్టు ప్రశ్నలు తయారుచేశామన్నారు. మన అలవాట్లు, మన తిండి, మన నమ్మకాలు, అన్నీ లెక్కలోకి తీసుకుని.”

“ఆ కమిటీలో ద్రాక్ష కోసినవాళ్ళున్నారా?”

“లేరు.”

“మీరున్నారా?”

“నన్ను ప్రశ్నలు అడగమన్నారు. రాయమనలేదు.”

“హ్మ్. ఎన్ని ఇంకా?”

“నలభై ఆరులో పదకొండయ్యాయి.”

“దేవుడా! మీ మొహం చూస్తే నాకే జాలేస్తోంది. పొద్దుట్నించీ ఏమన్నా తిన్నారా?”

“ఆరో ఇంట్లో మొక్కజొన్న పిండి తమాలే పెట్టారు. ఏడో ఇంట్లోనూ అదే.”

“ఎనిమిదో ఇంట్లో?”

“తలుపు తియ్యలేదు.”

“తియ్యరు. ఆ ఇంటి పిల్ల, చోలే అని, ఎవరొచ్చినా తియ్యదు. నేనూ తియ్యకపోదును, మీరు మన స్పానిష్ భాషలో పిలిచారు గనక తీశా. ఇదిగో, హమైకా పూల నీళ్ళు తాగండి, పుల్లగా చల్లగా ఉంటాయి. చక్కెర తక్కువే వేశా.”

“చక్కెర తక్కువా? ఇంట్లో ఎవరికన్నా షుగరుందా డోన్యా?”

“ఎవరికీ లేదు.”

“మరి తక్కువెందుకు?”

“చక్కెర అయిపోయింది.”

“సరే. ‘జబ్బు చేస్తే ముందు ఎక్కడికి వెళ్తారు?’ ”

“వంటగదికి.”

“అంటే?”

“చమోమిల్లా పూల టీ కాస్తాను. జలుబైతే ఉల్లిపాయ, తేనె. కడుపునొప్పయితే సోపు. షుగ... నీరసం అయితే నాగజెముడు మట్టలు తెచ్చి ముళ్ళు గీకి రసం తీస్తాను. నవ్వండి, ఫరవాలేదు.”

“నేను నవ్వలేదు. మా అమ్మా అదే చేసేది.”

“ముందొచ్చినావిడ నవ్వింది.”

“ముందు ఎవరొచ్చారు?”

“ఎవరు రాలేదని అడగండి! రెండేళ్ళ కిందట ఒకావిడ, చేపల బొమ్మలున్న కాగితం ఇచ్చి రొట్టెలు మానేసి చేపలు తినమంది. ఇక్కడ చేప ఎక్కడుంది? అంతకుముందు కాలేజీ కుర్రాళ్ళు, పళ్ళు తోముకునే బ్రష్షులిచ్చారు. ఆ తరవాత ఒక బండొచ్చింది, డాక్టరు బండి. ఆదివారాలు. బావుండేది. రెండు నెలలొచ్చి ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు. ఆ బండి కోసం కూడా ఇలాగే ప్రశ్నలడిగి వెళ్ళారు. అవన్నీ ఏమయ్యాయి?”

“రిపోర్టు రాశారు.”

“ఎవరు?”

“నేనే.”

“మీరా? ఏమైంది మరి?”

“బీరువాలో ఉంది. ఈసారి కొత్త ఫారంతో మళ్ళీ చెయ్యమన్నారు.”

“...ఇంకాస్త హమైకా పొయ్యనా?”

“పొయ్యండి.”

“మీ కాళ్ళు వాచాయి. ఆ కుర్చీ మీద పెట్టుకోండి. ఏం, ఎవరూ చూడట్లేదు.”

“ ‘గత ఏడాదిలో మీ కుటుంబంలో ఎవరికైనా జడుపు, దిష్టి వంటివి సోకాయని భావిస్తున్నారా?’ ”

“ఇది కూడా రాశారా!”

“రాశారు. అవును, కాదు. రెండు గళ్ళు.”

“అవును అంటే నన్ను పిచ్చిదాన్ని అనుకుంటారా?”

“నేననుకోను.”

“ఎవరి సంగతో చెప్పక్కర్లేదుగా?”

“చెప్పక్కర్లేదు.”

“అయితే ఒకాయన ఉన్నాడనుకోండి. ఎవరో ఒకాయన. కళ్ళ ముందే తమ్ముడి మీద ట్రాక్టరు తిరగబడింది. చావలేదు, బతికాడు. కానీ ఈయన ఆ రోజు కేకేసి పడిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నెల తిరక్కుండా ఒకటే దాహం, ఒకటే నీరసం. జడుసుకుంటే షుగరొస్తుంది నర్సమ్మా. డాక్టర్లు ఒప్పుకోరు. కానీ నేను చూశా.”

“రాస్తున్నాను.”

“అదంతా రాస్తున్నారా? గడులు రెండేగా?”

“పక్కన ఖాళీ ఉంది.”

“...మీరు ముందొచ్చినావిడలా లేరు.”

“అలిసిపోయాను డోన్యా, అంతే. అలిసిపోతే మనిషి చేతికొచ్చింది రాస్తుంది. ‘మీ ఇంట్లో వైద్యం విషయంలో నిర్ణయం ఎవరిది?’ ”

“ఆయనదే.”

“ఎవరాయన? ముగ్గురూ ఆడవాళ్ళేగా?”

“...దేవుడిది అన్నాను.”

“లోపల ఎవరో దగ్గారు.”

“రేడియో.”

“రేడియో దగ్గుతుందా డోన్యా?”

“నాటకం వస్తోంది. అందులో ముసలివాడు ఉన్నాడు.”

“ఇంట్లో ఏదో వాసన కూడా వస్తోంది. ఫినాయిల్ కింద ఇంకేదో.”

“వెనకాల ఎలుక చచ్చింది. వెతుకుతున్నాం.”

“సరే. నేనేమీ బలవంతం చెయ్యను. కానీ పుండు వాసన నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఇంక వెళ్తాను, పదో ఇల్లుంది.”

“అప్పుడేనా? ప్రశ్నలు అవ్వలేదుగా?”

“మీరు చెప్పనప్పుడు నేను రాసుకుని ఏం లాభం?”

“...నర్సమ్మా.”

“చెప్పండి.”

“ఒక కాగితం ఉంది. ఇంగ్లీషుది. చదివి పెడతారా? నాది కాదు. పక్కింటాయనది.”

“ఇవ్వండి.”

“మందు రెండు పూటలా రాయాలా మూడు పూటలా అని అనుమానం. పాపం ఆయనకి ఎవరూ లేరు. మేరీమాత పటం వెనక పెట్టా... పెట్టాడు. ఇదిగో.”

“రెఫుహియో బారాహాస్. అరవై ఎనిమిదేళ్ళు.”

“ఆ. ఆయనే. పక్కింటాయన.”

“అడ్రసు ఈ ఇంటిది.”

“తప్పు రాసుంటారు.”

“డోన్యా సెనోబియా.”

“ఏంటి?”

“బూట్లు ఆయనవే కదా?”

“...నలభై నాలుగేళ్ళయింది ఆయన్ని కట్టుకుని. ఎవరడిగినా లేనని చెప్పు అన్నాడు. ఈ దేశంలో ఉండటానికి మాకు కాగితాలు లేవు. ఆయన తమ్ముడు చోన్, అదే ట్రాక్టరాయన, వేలికి పుండని ఆసుపత్రికెళ్ళాడు. వేలు తీశారు. తరవాత పాదం. తరవాత కాలు. తరవాత రెండో కాలు. ఇంత ముక్క మిగిల్చి ఇంటికి పంపారు. ఆ క్రిస్మస్‌కి పోయాడు. అది చూశాక ఈయన చచ్చినా వెళ్ళనన్నాడు. ఎల్వా ఏడ్చి పట్టుబడితే ఒక్కసారి క్లినిక్కుకి వెళ్ళాడు, అంతే. ఏమని ఉంది? రెండు పూటలేనా?”

“చదువుతున్నా.”

“ఒక్క కాగితానికి ఇంతసేపా? మా ఇట్సెల్ చకచకా చదివేసింది.”

“ఇట్సెల్ ఏం చెప్పింది?”

“పుండు మానుతోంది. ఉప్పునీళ్ళతో కడిగి మందు రెండు పూటలా రాయాలి. కాలు ఎత్తులో పెట్టుకోవాలి. అంతేనని చెప్పింది. నేను ఒక్క పూట తప్పలేదు నర్సమ్మా. కావాలంటే ఆ గిన్నె చూడండి, ఇందాకే కడిగా.”

“డాక్టరు దగ్గర ఇట్సెల్ ఒక్కతే ఉందా ఆయనతో?”

“గది చిన్నది. నేను బయట కూర్చున్నా. ఎల్వాకి సెలవివ్వలేదు.”

“మన భాష తెలిసినవాళ్ళు ఎవరూ లేరా లోపల?”

“ఫోన్‌లో ఒకావిడ మాట్లాడుతుందన్నారట. ఆ ఫోను మోగిందిట, మోగిందిట, ఆగిపోయిందిట. అప్పుడు డాక్టరు దీన్ని చూసి, ‘ఈ పిల్ల భలే మాట్లాడుతుందే, ఈమే చెప్తుందిలే’ అన్నాడట. వారం రోజులు మురిసిపోయింది. బంగారం నర్సమ్మా మా పిల్ల. బడి ఉత్తరాలు అదే చదువుతుంది, కరెంటాఫీసుతో అదే మాట్లాడుతుంది. దాని గొంతు పెద్దదాని గొంతులా పెట్టి మాట్లాడుతుంటే నవ్వొస్తుంది... ఏమయింది? ఎందుకలా చూస్తున్నారు?”

“ఏం లేదు.”

“ఏమని ఉంది?”

“ఒక్క నిమిషం డోన్యా.”

“నాకేం వద్దు నిమిషాలు. ఏమని ఉంది?”

“మీ చెయ్యి ఇటివ్వండి.”

“చెయ్యెందుకు? చెయ్యి పట్టుకున్నారంటే చెడ్డదే. చెప్పండి.”

“పుండు ఎముక దాకా వెళ్ళిందని ఉంది. ఎముకకి చీము పట్టింది. బొటనవేలు తీసెయ్యాలి, పక్కవేలు కూడా కావచ్చు. పది రోజుల్లోపు ఆసుపత్రిలో చేరాలి. ఆలస్యమైతే పాదం. ఇంకా ఆలస్యమైతే మోకాలి దాకా.”

“పది రోజులా. ఎప్పట్నించి?”

“ఆగస్టు ఒకటి నించి.”

“ఇవాళ?”

“ఇరవై రెండు.”

“తప్పు. మీరు తప్పు చదివారు. మళ్ళీ చదవండి.”

“రెండుసార్లు చదివాను.”

“పిల్ల వేరేగా చెప్పిందే!”

“తెలుసు.”

“మానుతోందని చెప్పింది. నా కళ్ళలోకి చూసి చెప్పింది. ఉప్పునీళ్ళని చెప్పింది. మరి ఉప్పునీళ్ళ మాట ఉందా అందులో?”

“లేదు.”

“మందు?”

“మందు ఉంది. మాత్రలు. మింగేవి. మందుల షాపులో తెచ్చుకోమని రాశారు.”

“మాత్రలా? ఏ మాత్రలూ... రానీ. బస్సు మూడూ నలభైకి వస్తుంది. దిగనీ దాన్ని. ఇంత అబద్ధమా! తాత కాలు పోతుంటే అబద్ధమా! చీపురు తిరగేసి...”

“డోన్యా.”

“మీరు అడ్డం రాకండి.”

“డోన్యా, దాన్ని ఏమీ అనకండి.”

“అననా? మూడు వారాలు! మూడు వారాలు నేను కుళ్ళిపోతున్న కాలికి ఉప్పునీళ్ళు పోస్తూ కూర్చున్నా!”

“దాన్ని కొడితే నన్ను కొట్టినట్టే.”

“మిమ్మల్నెందుకు?”

“నేనూ చేశాను ఆ పని.”

“ఏ పని?”

“నాకూ పదకొండేళ్ళే. మా అమ్మ టమాటాల షెడ్డులో చేసేది. కడుపులో నొప్పని చాలా రోజులు చమోమిల్లా తాగింది. ఒకరోజు నించోలేక పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు మంచివాడే. నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, నా ఎత్తుకి వచ్చాడు. అమ్మకి ఏముందో చెప్పాడు. సోమవారం తప్పకుండా రావాలి, కోసి తీసెయ్యాలి, లేకపోతే కష్టం అన్నాడు. అమ్మకి చెప్పు పాపా అన్నాడు.”

“నువ్వేం చెప్పావు?”

“అమ్మ నా చెయ్యి పట్టుకునుంది. నా మొహం వంకే చూస్తోంది. ‘డాక్టరు ఏమంటున్నాడు, తల్లీ?’ అంది. ‘పుండుట అమ్మా, కారం తగ్గించమంటున్నాడు’ అన్నాను.”

“అయ్యో.”

“ ‘మంచిది’ అంది. అంతే. సంచి సర్దుకుని లేచింది. దారిలో బండి దగ్గర ఆగి నాకు ఎర్ర ఐసు కొనిపెట్టింది. ఎప్పుడూ కొనేది కాదు. నేను మొత్తం తిన్నాను.”

“మరి సోమవారం?”

“సోమవారం షెడ్డుకెళ్ళింది.”

“తరవాత?”

“మార్చిలో పోయింది. నేను ఎవరికీ చెప్పలేదు. నాన్నకి చెప్పలేదు. నా పెళ్ళప్పుడు ఫాదర్‌గారి దగ్గర అన్ని పాపాలూ చెప్పుకున్నాను, అది చెప్పలేదు. ముప్ఫై ఒక్కేళ్ళయింది. ఇవాళ మీ వంటగదిలో చెప్తున్నాను.”

“అందుకేనా నర్సువయ్యావు?”

“ఏమో. అందరికీ వేరే కారణం చెప్తాను.”

“తాగు. ఇంకాస్త తాగు. ...ఈ సంగతి రాయడానికి గడి ఉందా ఆ ఫారంలో?”

“ముప్ఫై ఎనిమిదో ప్రశ్న. ‘భాష వల్ల ఇబ్బంది ఉందా?’ అవును, కాదు.”

“సెనోబియా!”

“అదిగో, రేడియో పిలుస్తోంది.”

“సెనోబియా, ఆ నర్సమ్మని లోపలికి పంపు.”

“నువ్వు పడుకో ముసలాయనా. నువ్వు ఇంట్లో లేవు.”

“ఇప్పుడు ఉన్నాను. పంపు.”

పెన్ను సంచిలో పడేసి నెరెయిదా లేచింది, సెనోబియా వెనకే వచ్చింది. కర్టెన్ వెనక ఒక మంచం, ఒక కిటికీ, పక్క మీద దుప్పటి కప్పిన కాలు.

“రా తల్లీ. కుర్చీ లేదు, మంచం మీదే కూర్చో. అటు కాదు, ఇటు. అటు కాలుంది.”

“ముందు కాలే చూడాలి డాన్ రెఫుహియో. దుప్పటి తియ్యనా?”

“తియ్యి. ముక్కు మూసుకో.”

“అలవాటే. ఇక్కడ తాకుతున్నాను. తెలుస్తోందా?”

“లేదు.”

“ఇక్కడ?”

“లేదు.”

“ఇక్కడ?”

“తాకుతున్నావా, ఊరికే అడుగుతున్నావా?”

“తాకుతున్నాను. ఇక్కడ?”

“ఆ... అక్కడ. చల్లగా ఉంది నీ చెయ్యి.”

“మీ ఒళ్ళు వేడిగా ఉంది. జ్వరం ఎన్నాళ్ళనించి?”

“నాలుగు రోజులు.”

“నాకు చెప్పలేదే నువ్వు!”

“నీకు చెప్తే ఉల్లిపాయ తెస్తావు సెనోబియా. ఊరుకో, నర్సమ్మతో మాట్లాడనీ. మీరు అక్కడ మాట్లాడింది అంతా విన్నాను. ఈ గోడ అట్టముక్క. పిల్లని కొడతానంటోంది ఈ ముసల్ది. పిల్ల తప్పేం లేదు.”

“తప్పు లేదా? డాక్టరు వేలు తియ్యాలంటే ఇది ఉప్పునీళ్ళంటుందా!”

“డాక్టరు ఏమన్నాడో నాకు తెలుసు.”

“ఏం తెలుసు? నీకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.”

“ఒక్క ముక్క వచ్చు. డాక్టరు నా కాలు చూపించి ‘ఆంప్యుటేషన్’ అన్నాడు. మనం ‘ఆంపుతాసియోన్’ అంటాం. తోక ఒక్కటే తేడా. చోన్ కాళ్ళప్పుడు ఆ మాట ఎన్నిసార్లు విన్నాననుకున్నావు? నిద్రలో లేపి చెప్పినా గుర్తుపడతా.”

“తెలిసీ ఊరుకున్నావా? తెలిసీ! నాతో కాలు కడిగించుకుంటూ!”

“పిల్ల మొహం చూశాను సెనోబియా. నువ్వు బయట ఉన్నావు, నువ్వు చూడలేదు. గోడలా తెల్లబోయింది. నా వంక చూసింది. నేను నవ్వా. ఏం చెయ్యను? అప్పుడు అంది, మానుతోందంట తాతా, ఉప్పునీళ్ళంట అని. పాపం, ఉప్పునీళ్ళు ఎక్కడ్నించి తెచ్చిందో! ‘సరే తల్లీ, అలాగే చేద్దాం’ అన్నాను.”

“మరి మర్నాడైనా చెప్పొచ్చుగా నాకు?”

“చెప్తే? నువ్వు ఎల్వాకి చెప్తావు. ఎల్వా దాన్ని నిలదీస్తుంది. తాతకి తెలిసిపోయిందని దానికి తెలుస్తుంది. ఆ పసిది మళ్ళీ నా మొహం చూడగలదా?”

“దానికోసమేనా డాన్ రెఫుహియో? నిజం చెప్పండి.”

“...నర్సమ్మ గట్టిదే. నా కోసం కూడా. చోన్ గుర్తొచ్చాడు. పిల్ల మానుతోందని చెప్పేసరికి, దేవుడా, ప్రాణం లేచొచ్చినట్టయింది. అబద్ధమని తెలుసు. అయినా లేచొచ్చింది. మూడు వారాలు ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటూ గడిపాం. రోజూ బడినించి రాగానే వచ్చి అడుగుతుంది, తగ్గిందా తాతా అని. తగ్గిందంటా. అది వంటగదిలోకెళ్ళి పంపు తిప్పి ఏడుస్తుంది. నీళ్ళ చప్పుడులో వినపడదనుకుంటుంది.”

“మీరు ఇలాగే పడుకుని ఉంటే వారంలో మిమ్మల్ని ఎత్తుకెళ్ళాలి. అప్పుడు ఆ పిల్ల తనే చంపాననుకుంటుంది. ఎవరు ఎన్ని చెప్పినా అలాగే అనుకుంటుంది. ముప్ఫై ఒక్కేళ్ళ తరవాత ఎవరి వంటగదిలోనో కూర్చుని చెప్పుకుంటుంది. మీకు అదే కావాలా?”

“వద్దు. మరి కాలు మొత్తం పోతే?”

“మీ కాలు మొత్తం పోదని నేను ఒట్టు వెయ్యలేను. వేళ్ళు పోతాయి. పాదంలో కొంత పోవచ్చు. చోన్‌లా అవుతుందని ఎవరూ చెప్పలేరు, అవదనీ చెప్పలేరు. ఇవాళ వెళ్తే నడిచే అవకాశం ఉంది.”

“ముందొచ్చినవాళ్ళు ఇలా మాట్లాడలేదు. అన్నీ బాగైపోతాయనేవాళ్ళు.”

“నేను అలిసిపోయాను డాన్ రెఫుహియో. అబద్ధం ఆడే ఓపిక లేదు.”

“అయితే ఒక షరతు.”

“చెప్పండి.”

“పిల్లని డాక్టరు గదిలోకి రానివ్వకూడదు. వాళ్ళు ఏం చెప్పినా నువ్వే నాకు చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు.”

“నేనే ఉంటాను. కత్తి పెట్టేదాకా మీ పక్కనే ఉంటాను.”

“కాగితాలు అడిగితే?”

“ఆసుపత్రి అత్యవసర విభాగంలో అవి అడగరు. అడిగితే నాతో మాట్లాడమంటాను.”

“మరి నీ పదో ఇల్లు?”

“రేపు.”

“ఫారం?”

“సగంలో ఆగిందని రాస్తాను. డోన్యా సెనోబియా, ఆయనకి రెండు జతల బట్టలు పెట్టండి. షుగరు మాత్రలేమైనా ఉంటే అవి కూడా. నేను ఆసుపత్రికి ఫోన్ చేసి కారు గుమ్మం దగ్గరికి తెస్తాను.”

“పిల్ల వస్తే ఏం చెప్పను? చెప్పండి, ఏం చెప్పను?”

“ఇంకా అరగంట ఉంది. బస్సు వచ్చేదాకా ఆగుదాం. తాతని నేను, నేనే చెప్తాను సెనోబియా.”

“ఏమని?”

“ఇట్సెల్, ఆ మాట చెప్పడం నీ పని కాదు, ఆ డాక్టరు నీ నెత్తిన పెట్టకుండా ఉండాల్సింది అని. తాతకి ఆ రోజే తెలుసు, నీ వల్ల ఏమీ ఆలస్యం కాలేదు, తాత పిరికివాడు గనక ఆలస్యమైంది అని. దాని ముందే చెప్తా. నువ్వెళ్ళి బట్టలు చూడు. గళ్ళ చొక్కా పెట్టు, చిరిగింది కాదు.”

“వెళ్తున్నా. నాలుగు రోజుల జ్వరం! నీ సంగతి తరవాత చూస్తా.”

“...వెళ్ళిందా?”

“వెళ్ళారు. ఏడుస్తున్నారు.”

“ఏడవనీ. నర్సమ్మా, ఒక మాట.”

“చెప్పండి. అలా కదలకండి, కాలు కట్టుకడుతున్నా.”

“మీ అమ్మ సంగతి. గోడవతల నించి విన్నా.”

“అది వదిలేయండి. అయిపోయిన సంగతి.”

“ఆ డాక్టరు నీకు ఏం చెప్పాడు?”

“చెప్పానుగా. కోసి తియ్యాలన్నాడు.”

“అది కాదు. అమ్మకి ఏముందని చెప్పాడు? జబ్బు పేరు.”

“ఇంగ్లీషులో చెప్పాడు.”

“ఇంగ్లీషులోనే చెప్పు. ఏ మాటన్నాడు?”

“...క్యాన్సర్ అన్నాడు.”

“మన భాషలో ఏమంటాం?”

“...కాన్సెర్.”

“మీ అమ్మ నీ పక్కనే ఉందన్నావు.”

“నా చెయ్యి పట్టుకుని ఉంది.”

“మరి ఆవిడకి వినపడలేదంటావా, తల్లీ?”